అల్లుడుగారి అభిప్రాయం

కండక్టరమ్మకు అల్లుడంటే గిట్టదన్న సంగతి వీధిలో అందరికీ తెలుసు, ఒక్క అల్లుడికి తప్ప. వచ్చినప్పుడల్లా గుమ్మంలో చెప్పులు విడిచి, "ఎలా ఉన్నారు అత్తయ్యగారూ" అని నవ్వు మొహంతో అడిగేవాడు. ఆవిడ "బాగానే ఉన్నా బాబూ, రండి" అనేది. ఆ "రండి"లో ఎంత చులకన ఉందో కూతురికి తెలిసేది, గోడ అవతల బట్టలారేసుకునే వాళ్లకు కూడా తెలిసేది. అల్లుడు మాత్రం తిన్నగా వెళ్లి మెత్తటి కుర్చీలో కూర్చునేవాడు.

ఆవిడ సిటీ బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైంది. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎప్పుడో తగ్గిపోయారు. ఉద్యోగమంతా "ఎక్కడికి?" అని అడిగి బతికిన మనిషి కాబట్టి, ఎక్కడికో చెప్పలేక నసిగేవాళ్లంటే ఒళ్లుమంట. కూతురు మొదటిసారి అతన్ని ఇంటికి తీసుకొచ్చినప్పుడు టీయా, కాఫీయా అని అడిగితే ఏదైనా పర్లేదన్నాడు. టీ ఇచ్చింది. తనకు టీ అంటే ప్రాణమన్నాడు. రెండోసారి కావాలనే కాఫీ ఇచ్చింది. చిన్నప్పటి నుంచీ కాఫీ అంటేనే ప్రాణమన్నాడు. ఆ పూటే ఆవిడ అతన్ని మనుషుల లెక్కలోంచి తీసేసింది. కూతురు అప్పటికే మనసు పారేసుకుంది కాబట్టి పెళ్లి మాత్రం జరిగిపోయింది.

అల్లుడి ఉద్యోగం నివేదికలు రాయడం. ఏ వీధి వెడల్పు చేయాలి, ఎక్కడ వంతెన కట్టాలి అని ప్రభుత్వాలకు సలహాలిచ్చే కంపెనీలో పనిచేస్తాడు. కండక్టరమ్మ వీధిలో ఒక కొసన బస్సు డిపో, ఇంకో కొసన స్కూలు, మధ్యలో దుకాణాలు. అక్కడ సైకిళ్లకు విడిగా దారి వేయమని వార్డు వీధుల కమిటీ అడిగి అడిగి నోరు నొప్పి పుట్టాక నగరపాలక సంస్థ కరిగి, ఏం చేస్తే బాగుంటుందో చెప్పమని ఆ కంపెనీనే అడిగింది. అల్లుడు రాశాడు. బ్రహ్మాండంగా రాశాడు. సైకిలు దారి లేని నగరానికి ఊపిరాడదన్నాడు, పిల్లల నవ్వులన్నాడు, ముసలివాళ్ల ధైర్యమన్నాడు. దానికేదో బహుమతి కూడా వచ్చింది. పేపర్లో ఫొటో వేశారు. సీటు మరీ ఎత్తుగా ఉన్న సైకిలును, అదెక్కడ కరుస్తుందోనన్నట్టు కొంచెం దూరం నుంచే పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఎవడు రాస్తేనేం, దారి వచ్చింది. రోడ్డు అంచున పచ్చరంగు పట్టీ, కార్లు దూరకుండా మోకాలెత్తు స్తంభాలు. అరిగిపోయిన మోకాళ్లతో వీధి చివరికి నడవడమే గగనమైపోయిన కండక్టరమ్మ మూడు చక్రాల సైకిలు కొనుక్కుంది. నడిస్తే ప్రాణాలు తోడేసే మోకాళ్లు తొక్కితే కిక్కురుమనేవి కావు. సైకిలు మీద ఇంటింటికీ తిరిగి, దుకాణం ముందు సామాను పట్టీ మీదకు తోసిన ప్రతివాడితోనూ తగువు పెట్టుకుని, ఆఖరికి వీధుల కమిటీకి అధ్యక్షురాలైంది. ఆ రోజుల్లో అల్లుడి మీద కాస్త మెత్తబడింది కూడా. రాయడమంటూ వస్తే ఎప్పుడో ఒకప్పుడు మంచి రాస్తారు కదా అనుకుంది.

ఇంతలో రవాణా మంత్రిగారు ఏదో ప్రారంభోత్సవానికి వెళ్తూ ఈ వీధిలో ఇరుక్కుపోయారు. ముందూ కార్లే, వెనకా కార్లే. పక్కన పచ్చ పట్టీ మీద ఒక అమ్మాయి సైకిలు బుట్టలో రొట్టె పెట్టుకుని, ఈల వేసుకుంటూ ఆయన్ని దాటి వెళ్లిపోయిందట. ఈ మాట తర్వాత ఆయన డ్రైవరే నలుగురికీ చెప్పాడు. తనను కదలకుండా చేసిన కార్లు మంత్రిగారి కంటికి ఆనలేదు, తనను దాటిపోయిన సైకిలు ఆనింది. ఆయన రాజధానికి చేరి కాళ్లు కడుక్కునేలోగా చట్టం ముసాయిదా తయారైంది, సభలో కాస్త గొడవ జరిగినా చట్టమూ అయిపోయింది. ఇకమీదట ఏ నగరమూ తన వీధుల్లో కార్ల చోటు తగ్గించకూడదు, తగ్గించాలంటే మంత్రిత్వ శాఖ కాళ్లు పట్టుకోవాలి. ఇప్పటికే వేసిన కొన్ని సైకిలు దారులు పీకేయాలి. ఆ కొన్నింటిలో కండక్టరమ్మ వీధి మొదటిది.

ఇంటి ముందు గుంత పూడ్చమని ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటే చెవిన పెట్టనివాళ్లకు, పచ్చరంగు పట్టీ ఎంత వెడల్పుండాలో మాత్రం రాజధానిలో కూర్చునే తెలిసిపోయిందని ఆవిడ వీధంతా దుమ్మెత్తిపోసింది.

పీకేయడానికి కారణాలు కావాలి కదా. కారణాలు రాసే పని మంత్రిత్వ శాఖ ఎవరికిచ్చిందో అల్లుడే ఒక ఆదివారం భోజనాల దగ్గర చెప్పాడు. ఎంతో ఉత్సాహంగా చెప్పాడు. ఆ వీధి గురించి తమ కంపెనీకి ముందే బాగా తెలుసు కాబట్టి తమనే పిలిచారట.

కండక్టరమ్మ వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది. "మరి ముందు రాసిందో?"

"అప్పుడు నగరంవాళ్లు అడిగిన ప్రశ్న వేరు అత్తయ్యగారూ. ఇప్పుడు శాఖవాళ్లు అడిగిన ప్రశ్న వేరు."

"జవాబు చెప్పే నోరు ఒకటేగా బాబూ."

అల్లుడు అది మెచ్చుకోలనుకున్నాడో ఏమో, నవ్వాడు. కూతురు గబగబా నీళ్ల గ్లాసులు నింపి, ఈత కొలనులో కొత్తగా చేరిన పిల్లల కబుర్లు ఎత్తుకుంది. ఆ పిల్ల ఈత నేర్పే టీచరు. మునిగిపోయేవాళ్లను పైకి లాగడం ఉద్యోగంలోనూ ఇంట్లోనూ ఒకటే పనైపోయింది దానికి.

రెండో నివేదిక కూడా బ్రహ్మాండంగానే వచ్చింది. ఈసారి నగరానికి ఊపిరాడనిది సైకిలు దారి వల్ల. ప్రజల అభిప్రాయం వింటామంటూ శాఖవాళ్లు ఊరి బయట ఒక పెద్ద హోటల్లో సమావేశం పెట్టారు. అక్కడికి బస్సు లేదు. సైకిలు పెట్టుకునే చోటు లేదు. కండక్టరమ్మ తన బండిని రెండు పెద్ద కార్ల మధ్య అడ్డంగా నిలిపి, కాపలావాడు ఏదో అనబోతే ఒక్క చూపు చూసి లోపలికి నడిచింది.

రాజధాని నుంచి వచ్చిన కార్యదర్శి వేదిక మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. స్కూలు నుంచి వచ్చిన టీచర్లు మాట్లాడారు, ఆస్పత్రి నర్సులు మాట్లాడారు, తన పిల్లవాడు మొదటిసారి ఒక్కడే స్కూలుకు వెళ్లగలుగుతున్నాడని ఒక తండ్రి చెప్పాడు. కార్యదర్శి తల ఊపుతూనే ఉన్నాడు, చూపు మాత్రం ఫోను మీదే. కండక్టరమ్మ వంతు రాగానే, ఆ వీధి మీరు చూశారా అని అడిగింది. పటంలో చూశానన్నాడు. పటంలో బస్సు డిపో ఏ కొసన ఉందని అడిగింది. కార్యదర్శి పక్కకు చూశాడు. పక్కన కూర్చున్న అల్లుడు వంగి అతని చెవిలో జవాబు అందించాడు. పరీక్షలో పక్కవాడికి చూపించే పిల్లాడిలా తన అల్లుడు అంత మందిలో ఆ పని చేస్తుంటే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్థానికుల భావాలను నమోదు చేసుకున్నామని చెప్పి కార్యదర్శి భోజనానికి లేచిపోయాడు. వారం తిరక్కుండా పీకేయమని ఆదేశం వచ్చింది.

ఆ ఆదేశానికి అడ్డు పడే మాట చట్టంలోనే ఉందని పట్టుకున్నది కమిటీలోని ముసలి ప్లీడరుగారు. చట్టం మీద గొడవ జరిగినప్పుడు, తాము సైకిళ్లకు శత్రువులం కామని చూపించుకోవడానికి మంత్రిగారు ఒక తీపి మాట కలిపారు. తీసేసిన దారికి బదులుగా దగ్గర్లో ఇంకో దారి ఇవ్వాలి. ఆ బదులు దారికి అక్కడి వీధుల కమిటీ ఒప్పుకోవాలి. అంటే కమిటీ ఒప్పుకోనంతవరకూ పచ్చ పట్టీ మీద చెయ్యి వేయడానికి లేదు. మంత్రిగారు తన చట్టం తాను చదివి ఉండరని ప్లీడరుగారు తేల్చారు. కండక్టరమ్మ అంతకు ముందు ప్లీడరుగారిని కూడా పెద్దగా లెక్క చేసేది కాదు, సమావేశాల్లో కునుకు తీస్తారని. ఆ రోజు ఆయనకు తనే టీ కలిపి ఇచ్చింది.

బదులు దారి చూపించే పనీ అల్లుడికే పడింది. అతను చూపించింది ఇళ్ల వెనకాల సందు. చెత్తబండ్లు, గ్యాసు బండ్లు పోయే సందు అది. ఎదురూబొదురూ రెండు సైకిళ్లు వస్తే ఒకరు దిగి గోడకు అతుక్కోవాలి. స్కూలు వరకూ పోదు, మధ్యలో ఎడమకు తిరిగి గిడ్డంగుల్లోకి పోతుంది. అల్లుడు గీయించిన రంగుల బొమ్మలో మాత్రం ఆ సందు మైదానమంత ఉంది. లేని చెట్లు నీడలిస్తున్నాయి, నీడలో పిల్లలు నవ్వుతున్నారు.

అయితే ఒప్పుకుంటే సందులో కొత్త కాలువా దీపాలూ వేయిస్తామని శాఖవాళ్లు ఆశ పెట్టారు. దాంతో కమిటీ చీలింది. కారు పెట్టుకోవడానికి ఇంటి ముందు చోటు పోయిందని మొదటి నుంచీ ఏడుస్తున్న మేడాయన ఒప్పుకుందామన్నాడు. బేకరీ ఆయనా ఒప్పుకుందామన్నాడు. ప్రతి వానకూ ఆ సందులో మురుగు పొంగి ఆయన పొయ్యి గదిలోకి వస్తుంది, పిండి బస్తాలు తడిసిపోతాయి. ప్లీడరుగారూ, ఆస్పత్రిలో చేసే నర్సమ్మా ససేమిరా అన్నారు. మిగిలింది అధ్యక్షురాలు. మేడాయన్ని ఈసడించడం ఆవిడకు తేలిక. బేకరీ ఆయన్ని ఈసడించడానికి ప్రయత్నించింది గానీ, ఆ తడిసిన బస్తాలు తనే ఒకసారి కళ్లారా చూసి ఉంది.

సమావేశానికి ముందు రోజు కూతురు వచ్చింది. తల ఇంకా తడిగానే ఉంది, కొలను నుంచి సరాసరి వచ్చినట్టుంది. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, ఈ ఒప్పుదల రాకపోతే కంపెనీలో ఆయనకిస్తామన్న పెద్ద కుర్చీ వేరేవాళ్లకు పోతుందని చెప్పింది.

"నన్ను అవునని ఓటెయ్యమంటావా?" అంది తల్లి.

"అవునని వెయ్యమనడం లేదమ్మా. రేపు వెళ్లకు. ఒంట్లో బాగోలేదని చెప్పు చాలు."

"నా ఒంట్లో బాగానే ఉంది."

"నీ ఒంట్లో ఎప్పుడూ బాగానే ఉంటుంది," అని కూతురు సంచీ తీసుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "కాదనే వెయ్యి. కానీ ఆయన్ని ఏమీ అనకు. నలుగురిలో అనకు." తల్లి సరేనన్నట్టు చెయ్యి ఊపింది.

సమావేశం వార్డు గ్రంథాలయంలో పెట్టారు. కమిటీవాళ్లు ఐదుగురూ బల్ల వెనక, వీధి జనమంతా ఎదురుగా కుర్చీల్లో, చోటు చాలనివాళ్లు పుస్తకాల బీరువాలకు ఆనుకుని. వెనక వరసలో కూతురు కూర్చుని ఉంది. అల్లుడు ఇస్త్రీ నలగని చొక్కాతో వచ్చి, రంగుల బొమ్మ గోడకు తగిలించి, సందు సుఖాలన్నీ వర్ణించాడు. గొంతు తొణకలేదు. ఇదే గొంతుతో, ఇదే గదిలో, ఇదే జనానికి పచ్చ పట్టీ సుఖాలు వర్ణించిన మనిషి. అది అతనికి గుర్తున్నట్టు కూడా లేదు.

అడగాల్సినవన్నీ అయ్యాక కండక్టరమ్మ ముందుకు వంగింది. ఏమీ అనకూడదనే అనుకుంది. ఒక్క ప్రశ్న అడిగితే అన్నట్టు కాదు కదా అనుకుంది.

"నివేదిక సంగతి సరే బాబూ. మీరేమనుకుంటున్నారు?"

అల్లుడు కాగితాలు సర్దుకున్నాడు. "అందులో రాసిందే కదా అత్తయ్యగారూ."

"అందులోది చదివాను. ముందు రాసిందీ చదివాను. నేను కాగితాన్ని అడగడం లేదు, మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ వీధికి ఏది మంచిదంటారు?"

అతను మేడాయన వైపు చూశాడు, ప్లీడరుగారి వైపు చూశాడు, ఎవరి మొహంలోనైనా జవాబు రాసి ఉంటుందేమోనని వెతుక్కున్నాడు. ఆఖరికి నవ్వు మొహం పెట్టి, "మీరందరూ ఏదంటే నాకు అదేనండీ" అన్నాడు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అక్కడితో వదిలేసి ఉండవచ్చు. గది మొత్తం అతన్ని చూసేసింది, ఇంకా చూపించాల్సిందేమీ మిగల్లేదు. కానీ ఎన్నో ఏళ్లుగా టీలో, కాఫీలో, ఆదివారం భోజనాల్లో కలిపి మింగినదంతా ఆవిడ గొంతు దాకా వచ్చేసింది.

"ఎక్కడికంటే చెప్పకుండా, బస్సు ఎటుపోతే అటు కూర్చునేవాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను బాబూ," అంది, బస్సు వెనక సీటు దాకా వినబడే పాత గొంతుతో. "టికెట్టు తీసుకోరు. కిటికీ పక్క సీటు మాత్రం కావాలి. అలాంటివాళ్లను మధ్యలోనే దింపేసేదాన్ని. మీరూ దిగండి."

గది గదంతా గొల్లుమంది. బీరువాలకు ఆనుకున్నవాళ్లు పొట్టలు పట్టుకున్నారు. అల్లుడు కూడా నలుగురితో పాటు నవ్వాడు, నవ్వుతూనే బొమ్మ చుట్టుకున్నాడు. కండక్టరమ్మ ఆ నవ్వుల మీదుగా వెనక వరస వైపు చూస్తే కూతురి కుర్చీ ఖాళీగా ఉంది.

ఓట్లు తీశారు. బేకరీ ఆయన అందరితో కలిసి నవ్వినా, చెయ్యి మాత్రం ఒప్పుకుందామనే ఎత్తాడు. కండక్టరమ్మ చెయ్యి కాదన్న వైపు లేచింది. బదులు దారి వీగిపోయింది. పచ్చ పట్టీ నిలిచింది.

కార్యదర్శి బెదిరిస్తూ ఒక ప్రకటన చేశాడు. కమిటీల పీడ లేకుండా చట్టం మళ్లీ మారుస్తామన్నాడు. నగరపాలక సంస్థకు ఎక్కడలేని ధైర్యమొచ్చి, తన వీధుల మీద పెత్తనం తనదేనంటూ కోర్టుకెక్కింది. పోయిన ఏడాది వరకూ శాఖ ముందు గంగిరెద్దులా తల ఊపిన కౌన్సిలర్లు ఇప్పుడు పట్టీ మీద నిలబడి ఫొటోలు దిగారు. కండక్టరమ్మ వాళ్ల మధ్య నుంచి గంట కొట్టుకుంటూ బండి తొక్కుకుపోయింది, ఒకాయన పక్కకు గెంతాల్సి వచ్చింది. వీధిలో జనం ఆవిడ మాటను పదే పదే చెప్పుకుని నవ్వుకున్నారు. "దిగండి" అన్నది ఆ వీధిలో ఒక ఊతపదమైపోయింది. వాన పడినప్పుడు మాత్రం ఆవిడ బేకరీ వైపు వెళ్లేది కాదు.

కూతురు ఆదివారాలు రావడం మానేసింది. ఫోను చేస్తే, పనిలో ఉన్నానమ్మా అని పెట్టేసేది. పెద్ద కుర్చీ వేరేవాళ్లకు పోయిందని పక్కింటివాళ్ల ద్వారా తెలిసింది. అల్లుడు కుళ్లిపోతూ ఉంటాడని, తన పేరు చెబితే పళ్లు నూరుతూ ఉంటాడని కండక్టరమ్మ ఊహించుకుంది. నిజం చెప్పాలంటే ఆ ఊహ ఆవిడకు కొంచెం తృప్తిగానే ఉండేది. ఇప్పటికైనా ఒక విషయం మీద ఒక అభిప్రాయమంటూ ఏర్పడి ఉంటుంది కదా అనుకునేది.

ఒక సాయంత్రం గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. "ఎలా ఉన్నారు అత్తయ్యగారూ" అంటూ అల్లుడే వచ్చాడు, అదే నవ్వు మొహం. వెళ్లి మెత్తటి కుర్చీలో కూర్చున్నాడు. నగరపాలక సంస్థ కోర్టులో వాదించడానికి ఒక నివేదిక రాయిస్తోందట. సైకిలు దారులు ఎందుకు ఉండాలి, వీధుల సంగతి వీధివాళ్లే ఎందుకు తేల్చుకోవాలి అని. ఆ పని తనకే వచ్చిందట. అందులో స్థానికుల గొంతు ఒకటి ఉంటే నిండుగా ఉంటుందన్నాడు.

"మీ మాట ఒకటి కావాలి అత్తయ్యగారూ. ఆ రోజు గ్రంథాలయంలో అన్నారు చూడండి, అలాంటిది. చాలా బాగా చెప్పారు."

కండక్టరమ్మ అతని మొహంలోకి పరీక్షగా చూసింది. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు, లోపల దాచుకున్నదేమీ లేదు. అవమానం అతని ఒంటి మీద నిలవలేదు, తుడుచుకోవలసిన అవసరం కూడా కలగలేదు. ఇన్నేళ్లు ఇంత శ్రద్ధగా చిన్నచూపు చూస్తే, అది చేరాల్సిన చోట దిగనే లేదు. మరి ఎక్కడ దిగింది? ఆవిడ టీ కలిపి ఇచ్చింది. అతను తాగి, బాగుందన్నాడు.

మర్నాడు ఆవిడ బండి తీసుకుని కొలనుకు వెళ్లింది. కూతురు నడుము లోతు నీళ్లలో నిలబడి, గట్టు పట్టుకుని వదలని ఒక చిన్న పిల్లకు ఏదో నచ్చజెబుతోంది. తల్లిని చూసి, పిల్లల్ని కాళ్లాడించమని చెప్పి గట్టు దగ్గరకొచ్చింది. పైకి రాలేదు.

మీ ఆయన ఇంటికొచ్చాడని కండక్టరమ్మ చెప్పింది. తెలుసునంది కూతురు, తనే వెళ్లమన్నానంది. అతను బాధపడ్డట్టు ఏమీ లేడని తల్లి అంది.

"ఆయన బాధపడలేదమ్మా. ఆ రోజు ఇంటికొచ్చి, మీ అమ్మ భలే చమత్కారంగా మాట్లాడుతుంది అన్నాడు." కూతురు తడి చేతులతో మొహం తుడుచుకుంది. "ఆయన ఎలాంటివాడో నాకు తెలీదనుకున్నావా? పెళ్లైన ఏడే తెలిసింది. తెలిసే ఉంటున్నా. జ్వరమొస్తే రాత్రంతా కాళ్లు పడతాడు, నాతో ఒక్కనాడూ గొంతు పెంచి మాట్లాడలేదు. నీకు చెప్పలేదు, చెబితే నవ్వుతావని. ఇప్పుడు వీధంతా నవ్వుతోంది. కూరగాయల కొట్టువాడు నన్ను చూసి, దిగండమ్మా అంటున్నాడు."

కండక్టరమ్మ నోరు తెరిచింది. కూరగాయల కొట్టువాణ్ని ఏం చేయాలో చెప్పబోయింది గానీ, ఆ మాట కాదు చెప్పాల్సిందని తనకే తోచింది. చెప్పాల్సిన మాట ఏదో కూడా తెలుసు. అది ఆవిడ నోట ఎప్పుడూ వచ్చి ఎరగని మాట.

"దారి నిలబెట్టావు, మంచిదే," అంది కూతురు. "నేనైనా కాదనే వేసేదాన్ని. చెయ్యెత్తితే సరిపోయేదిగా అమ్మా."

గట్టు పట్టుకున్న పిల్ల టీచర్ అని పిలిచింది. కూతురు నీళ్లను చీల్చుకుంటూ అటు వెళ్లిపోయింది. పిల్లల క్లాసు అయ్యేసరికి ఇంకా చాలాసేపు పడుతుంది. కండక్టరమ్మ గోడ పక్కనున్న తడి బల్ల మీద కూర్చుంది. చీర వెనకాల చల్లగా తడిసిపోతోందని తెలిసినా లేవలేదు. కూతురు ఒకసారి వెనక్కి తిరిగి, తల్లి ఇంకా అక్కడే ఉందని చూసి, మళ్లీ పిల్లల వైపు తిరిగింది.